పసుపు రాయి

“ఆ తరాజు దించేది లేదు బాపు,” అన్నాడు రమాకాంత్. పొద్దుటి నుంచి అదే మాట.

“నువ్వు దించకుంటె నేనే దించుకుంట,” అంటూ కిషన్ సేటు స్టూలు లాక్కున్నాడు.

డెబ్బై దాటిన మనిషి, భార్య పోయినవాడు. మోకాళ్ళు ఎప్పుడో మొండికేశాయి. అయినా ఒక కాలు స్టూలు మీద వేసి, గోదాం గోడకు వేలాడుతున్న పెద్ద తరాజు మీదికి చెయ్యి చాచాడు. కన్నకొడుకు కదల్లేదు. కోడలు భాగ్యలక్ష్మి పరుగెత్తుకొచ్చి మామగారి మోచెయ్యి పట్టుకుంది.

“దిగు మామా. పడితె ఎవలకు పరేషాన్?”

“పడ్తె పడ్త. ముందుగాల ఇది దుకాణంల కట్టాలె. ఆమె వచ్చి కూసున్నది.”

ఆమె అంటే ఓదెమ్మ. కాటారం బస్టాండు పక్కన చాయి హోటలు నడుపుకునే మనిషి. మొగుడు పోయి చాలా కాలమైంది. మొదటి బస్సుకే బయలుదేరి వచ్చి, ఇప్పుడు దుకాణం ముందర, గల్లా పక్కన వేసిన కుర్చీలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మేడారం జాతర ముంచుకొస్తోంది. జనగామ బజారులో బెల్లం అంటే కిషన్ సేటు దుకాణమే కాబట్టి జనం కిటకిటలాడుతున్నారు. వచ్చినవాళ్ళు బెల్లం వైపు ఒకసారి చూస్తే, ఆమె వైపు రెండుసార్లు చూస్తున్నారు.

నిన్న అన్నం ముందు కూర్చుని కిషన్ సేటు అన్న మాటకు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. తన ఎత్తు బంగారం, ఓదెమ్మ ఎత్తు బంగారం, రెండూ ఒకే పూట, తన దుకాణంలోనే, పెద్ద తరాజు మీద తూపిస్తానన్నాడు. అమ్మవార్లకు ఇచ్చే బెల్లాన్ని బెల్లం అనకూడదు, బంగారమే అనాలి. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ ‘రెండూ’ దగ్గరే.

మహబూబాబాద్‌లో కాపురముంటున్న కూతురు ఉమారాణికి ఆ మాట ఫోనులో చేరింది. పొద్దున్నే రైలెక్కి వచ్చేసింది. వచ్చి కాళ్ళు కూడా కడుక్కోలేదు.

“మొగుడు పెండ్లాలే గట్ల ఒకరెనక ఒకరు తరాజుల కూసుంటరు బాపు. గది నీకు తెల్వదా?”

“తెలుసు.”

“తెలిసే చేస్తున్నవా?”

“తెలిసే చేస్తున్న.”

ఉమారాణి దారి పొడుగునా కూడబెట్టుకొచ్చిన మాటలన్నీ ఆ ఒక్క జవాబుతో అడుగంటాయి. ఆమె గోదాం గడప మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు కాదు, కోపం.

నిజం చెప్పాలంటే ఆ కోపంలో తప్పేమీ లేదు. హోటల్లో చాయి తాగితే డబ్బులు దండగ అని జీవితమంతా చాటిన మనిషి, చాయి కోసం హనుమకొండలో బస్సు మారి, భూపాలపల్లి మీదుగా కాటారం దాకా పోతున్నాడంటే ఏ కూతురికి మాత్రం మండదు? పోయి తాగి వస్తే సరే. ఓదెమ్మ హోటల్ వెనక పీట వేసుకుని, ధోవతి పైకి చెక్కి, కిషన్ సేటు చాయి గ్లాసులు కడుగుతున్న వీడియో ఉమారాణి అత్తగారి ఫోనుకే వచ్చింది. ఆ వీడియోలో ఆయన నవ్వుతున్నాడు కూడా. తండ్రి నవ్వితే పళ్ళు అలా ఉంటాయని ఉమారాణికి అప్పుడే తెలిసింది.

ముసలోనికి దసరా పండుగ అని బజారు నవ్వుకుంది. ప్రేమకు కళ్ళు లేవంటారు గానీ, కిషన్ సేటు ప్రేమకు ఆధార్ కార్డు ఉంది. పోయిన జాతరప్పుడు, బెల్లం నాటుసారాకు పోకుండా సర్కారు పెట్టిన నియమం ప్రకారం, కొన్న ప్రతివాళ్ళ దగ్గరా ఆధార్ జిరాక్సు తీసుకున్నారు. అందులో ఒకదాని మీద ఓదెమ్మ ఫొటో. ఆ జిరాక్సు కట్టలోంచి విడిపోయి సేటు బనీను జేబులోకి ఎప్పుడు చేరిందో ఎవరూ చూడలేదు. బట్టలు ఉతికేటప్పుడు భాగ్యలక్ష్మి చూసింది. చూసి, ఆరిన బనీను జేబులోనే మళ్ళీ పెట్టింది.

భాగ్యలక్ష్మి అలాంటి మనిషే. చూస్తుంది, పెట్టేస్తుంది, మాట్లాడదు.

“అన్నా, నేనొక మాటంట,” అంది ఉమారాణి గొంతు తగ్గించి. “ఆమెకు మన తరాజు సంగతి చెప్పేస్తె? గిప్పుడే, గీ క్షణంలనే లేచి పోతది. మళ్ళ ఈ గడప తొక్కదు.”

కిషన్ సేటు స్టూలు మీద నుంచి కాలు దించాడు.

“నీకు దిమాకున్నదా?” అన్నాడు రమాకాంత్. “ఆమె ఒక్కతే పోతదా? దుకాణం ముంగట అంతమంది ఉన్నరు. పొద్దుమూకే వరకు దేవరుప్పుల దాంక తెలుస్తది. ఇంటి గుట్టు బయటవడితె మనం ఉంటమా ఇక్కడ?”

“మరి ఇజ్జత్ గిట్ల పోతె మంచిగున్నదా?”

“గిట్ల పోతె నవ్వుతరు. గట్ల పోతె తంతరు.”

కొడుకూ కూతురూ పోట్లాడుకుంటుంటే కిషన్ సేటు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు ఆ ఇద్దరి మాటలూ వినిపించడం లేదేమో అనిపించింది భాగ్యలక్ష్మికి.

ఆ తరాజు సంగతి ఇంటి మనుషులకే తెలుసు. కుడి పల్లెం అడుగున, లక్కతో అతికించిన అరచేయంత సీసం బిళ్ళ. సేటు తండ్రి అతికించింది. ఖాళీ తరాజు కుడికి వంగితే కొనేవాళ్ళు ఊరుకోరు కదా. అందుకే ఎడమ పల్లెంలో ఒక నున్నటి రాయి ఉంటుంది. దానికి పసుపు పూసి కుంకుమ బొట్టు పెడతారు, లక్ష్మమ్మ రాయి అంటారు. రాయి ఉన్నంతసేపు ముల్లు నిట్టనిలువుగా ఉంటుంది. తూచేముందు సేటు ఆ రాయిని రెండు చేతులా తీసి, కళ్ళకద్దుకుని, పక్కన పెడతాడు. జనం కూడా దండం పెడతారు. ఆ తర్వాత ఎడమ పల్లెంలో మనిషి కూర్చుంటాడు, కుడి పల్లెంలో బెల్లం పడుతుంది. సీసం ఎంతో, బెల్లం అంత తక్కువ.

భాగ్యలక్ష్మి కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఒకసారి సరుకు ఎడమ పల్లెంలో పెట్టబోయింది. అత్తగారు చెయ్యి పట్టుకుని కుడివైపుకు జరిపింది. ఆ ఇంటి కోడలికి చదువు అంతటితో పూర్తయింది.

పోయిన జాతరకు ఓదెమ్మ తన బిడ్డ రజనిని అదే ఎడమ పల్లెంలో కూర్చోబెట్టింది. రజనిని దేవరుప్పులలో ఇచ్చారు. ఒళ్ళు వాచి, మళ్ళీ చిక్కి, దవాఖానల చుట్టూ తిరుగుతున్న పిల్ల. బతికితే చాలని ఓదెమ్మ బిడ్డ ఎత్తు బంగారం మొక్కింది. ఆ రోజు రజని గొలుసులు పట్టుకుని నవ్వడం భాగ్యలక్ష్మి చూసింది. ఓదెమ్మ మాటిమాటికీ అడిగింది, ఇంకో ముద్ద వెయ్యి సేటూ, అమ్మవారికి తక్కువ కావద్దని. సమానమైంది చూడమ్మా, ముల్లు నిలవడ్డదని చెప్పాడు కిషన్ సేటు.

ఉగాది కాకముందే రజని పోయింది. కిడ్నీలు చెడిపోయాయని డాక్టర్లు చెప్పారు. కిషన్ సేటుకు ఆ మాట చాలలేదు. తక్కువ తూగిన మొక్కే పిల్లను తీసుకుపోయిందన్న భయంతో ముందు కాటారం పోయాడు. తర్వాత చాయి కోసం పోయాడు. ఆ తర్వాత ఎందుకు పోతున్నాడో ఆయనకే తెలియకుండా పోతూ ఉన్నాడు.

“భాగ్యా,” అన్నాడు సేటు ఇప్పుడు, కొడుకూ కూతురూ మాట్లాడుకుంటూ దుకాణంలోకి నడిచాక. “పల్లెం తిరగేసి ఆ సీసం ఊడదియ్యి బిడ్డా. ఎవలకు తెల్వద్దు. ఆమె బంగారమన్న సరిగ తూగాలె.”

“రాయి?”

“రాయి గూడ పక్కకు పెట్టు. రెండు లేకుంటె ముల్లు మంచిగనే నిలవడ్తది.”

“ఆమెకు చెప్తవా మామా?”

సేటు స్టూలును గోడవారకు జరిపాడు.

“చెప్పుడెందుకు? రజనిది ఎంత తక్కువైందో అంత ఎక్కువేస్త ఈసారి. దానికి నాలుగింతలు ఏస్త. అమ్మవారు మన్నిస్తది.”

లోకం దాన్ని పశ్చాత్తాపం అంటుంది. సేటు లెక్కలో అది కొసరు. బతుకంతా తూకంలో గడిపిన మనిషికి వేరే మాట ఎక్కడ దొరుకుతుంది? భాగ్యలక్ష్మికి జాలి వేసింది, కోపమూ వచ్చింది. ఎప్పటిలాగే రెండూ మింగింది.

పనివాళ్ళిద్దరు తరాజు దించి, పల్లాలు విప్పి, అడ్డకాడ మాత్రం ముందరికి మోసుకుపోయారు. పల్లాలు ఆమె దగ్గరే ఉండిపోయాయి. భాగ్యలక్ష్మి కొబ్బరికాయలు కొట్టే కత్తి తీసుకుని కుడి పల్లెం తిరగేసింది.

చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది.

సీసం బిళ్ళ మీద బొట్టు ఉంది. పసుపు పూసి, దాని నడుమ కుంకుమ. ఆరిపోయి, అంచులు రాలినా, బొట్టు బొట్టే. బిళ్ళ చుట్టూ లక్క సందులో చింతపండు పీచు ఎండి అతుక్కుని ఉంది.

ఆ బొట్టు ఆమె పెట్టలేదు. ఇన్నేళ్ళలో దసరాకు పల్లాలు తోమిన ప్రతిసారీ ఆమె సీసాన్ని తాకకుండా చుట్టూ తోమేది. పాముపుట్ట పక్కనుంచి నడిచినట్టు. ఆ ఇంట్లో పల్లాలు కోడళ్ళే తోమాలి. పనిమనిషికి ఇవ్వరు, ఆడబిడ్డకూ ఇవ్వరు. దేవుడి సొమ్ము అని చెప్పేవారు. అసలు కారణం పల్లెం అడుగున ఉండేది.

మరి పోయిన దసరాకు?

ఆ దసరాకు భాగ్యలక్ష్మి బయట కూర్చుంది. పూజ సామాను ముట్టుకునే వీల్లేదు. పండుగకని కాటారం నుంచి ఓదెమ్మను పిలిపించాడు సేటు. ఆమెను చుట్టంలా కూర్చోబెట్టడం ఆయనకు నచ్చలేదు, ఇంటి మనిషిలా పని చెప్పాలనిపించింది. సంబరంగా పల్లాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. వాటిని ఆ ఇంట్లో ఎవరి చేతికి ఇస్తారో, ఎందుకు ఇస్తారో ఆ క్షణంలో ఆయన మర్చిపోయాడు. దూరంగా చాప మీద కూర్చున్న భాగ్యలక్ష్మి చూసింది. అప్పుడూ మాట్లాడలేదు.

ఓదెమ్మ పల్లాలు తోమింది. రాయి కడిగింది. పనిముట్లన్నిటికీ పెట్టినట్టే సీసానికీ బొట్టు పెట్టింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా అన్నం తిని బస్సెక్కి పోయింది.

అంటే దసరా నుంచి ఆమెకు తెలుసు.

భాగ్యలక్ష్మి సీసాన్ని కత్తితో పెకిలించి కొంగున ముడేసుకుంది. రాయిని బియ్యం బస్తా వెనక పెట్టింది. పల్లాలు పనివాళ్ళకిచ్చి, వంటింట్లోకి పోయి చాయి పెట్టింది. ఎందుకు పెడుతోందో తెలియకుండానే పెట్టి, దుకాణంలోకి తీసుకెళ్ళింది.

“తాగు ఓదెమ్మక్కా.” ఆమెను వరస పెట్టి పిలవడం అదే మొదలు.

ఓదెమ్మ గ్లాసు అందుకుంది. మనిషి నల్లగా, గట్టిగా, నిదానంగా ఉంటుంది. ఒక గుటక తాగి అడ్డకాడకు కడుతున్న పల్లాల వైపు చూసింది.

“మంచిగనే మెరుస్తున్నయి గద బిడ్డా. దసరకు నేనే తోమిన.”

“చూసిన,” అంది భాగ్యలక్ష్మి. “అడుగు గూడ చూసిన.”

ఓదెమ్మ ఇంకో గుటక తాగింది. పక్కన ఎవరో బెల్లం బేరమాడుతున్నారు. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

“ఎందుకు చెప్పలే అక్కా?”

“నేను చెప్పాల్నా?” అంది ఓదెమ్మ.

భాగ్యలక్ష్మి అక్కడ నిలబడలేకపోయింది, కదలలేకపోయింది. చివరికి ఓదెమ్మే మెల్లగా అంది. “దసరా తెల్లారే వచ్చిండు సేటు. గ్లాసులు కడిగిండు. మళ్ళ వచ్చిండు. వచ్చినప్పుడల్ల ఇయ్యాల చెప్తడు, ఇయ్యాల చెప్తడు అని చాయి పోసిన. నా బిడ్డ పేరెత్తి ఏడ్చిండు గని, గా మాట మాత్రం చెప్పలే.”

“మరి ఇయ్యాల ఎందుకొచ్చినవు?”

“పిలిచిండు గద. వచ్చిన.”

భాగ్యలక్ష్మి గోదాంలోకి పరుగులాంటి నడకతో వెళ్ళింది. కిషన్ సేటు కొత్త ధోవతి కట్టుకుని, భుజాన కండువా సర్దుకుంటున్నాడు. ఆ ముఖంలో పెళ్ళికొడుకు సిగ్గు ఉంది. అది చూసి ఆమెకు చెప్పాలనిపించలేదు. అయినా ఈసారి మింగలేదు.

“మామా. ఆమెకు తెలుసు.”

“ఏంది?”

“సీసం మీద బొట్టున్నది. దసరకు ఆమెనే పెట్టింది.”

కండువా మీద సేటు చెయ్యి ఆగింది. ఆయన ఏమి గుర్తు చేసుకుంటున్నాడో భాగ్యలక్ష్మికి తెలుసు. దసరా తర్వాత తాగిన ప్రతి చాయి ఇప్పుడు ఆయన గొంతులోకి తిరిగి వస్తోంది.

“నాతోటి మంచిగనే మాట్లాడింది గద,” అన్నాడు చివరికి. పిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

“మంచిగనే మాట్లాడింది. నువ్వే మాట్లాడలే మామా.”

“బాపు, జనం చూస్తున్నరు,” అని బయటి నుంచి రమాకాంత్ కేక వేశాడు. ఆపడం చేతకాక, తొందరగా అయిపోతే చాలనుకుంటున్నాడు. “చేసేదేదో జల్ది కానియ్యి.”

కిషన్ సేటు దుకాణంలోకి వచ్చాడు. దూలానికి వేలాడుతున్న తరాజు చుట్టూ జనం చోటిచ్చారు. రాయి లేదు, సీసం లేదు. తరాజు పుట్టిన నాటి నుంచి ఏనాడూ నిలబడనంత నిజంగా ముల్లు నిలబడి ఉంది. అది చూసే కళ్ళు అక్కడ ముగ్గురికే ఉన్నాయి.

ఓదెమ్మ కుర్చీలోంచి లేచింది. చాయి గ్లాసు చేతిలోనే ఉంది. పల్లాల దగ్గరికి నడిచి, ఎడమ దాంట్లోకి తొంగి చూసింది.

“రాయేది సేటూ?”

గొంతు పెంచలేదు. మామూలుగా అడిగింది. ఉప్పేదని అడిగినట్టు.

“ఇయ్యాల అవసరం లేదు,” అన్నాడు సేటు.

“మా రజని కూసున్ననాడు కండ్లకద్దుకొని తీసినవు. నేను గూడ మొక్కిన. నాకెందుకు లేదు?”

వెనక నుంచి ఒక ముసలి రైతు అందుకున్నాడు. “అవు సేటూ, లక్ష్మమ్మ రాయి లేకుంట మీ దుకాణంల ఏనాడన్న బంగారం తూసిండ్రా? అమ్మగారి మొక్కాయె. రాయి పెట్టుండ్రి.”

మరో ఇద్దరు తలలూపారు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని దండం పెట్టడానికి సిద్ధమయ్యారు.

సీసం తీసిన సంగతి రమాకాంత్‌కు తెలియదు. మాట పెరగకముందే ముగించాలని గోదాంలోకి ఉరికాడు. భాగ్యలక్ష్మి అడ్డం పోయే లోపలే బస్తా వెనక ఉన్న రాయిని చూశాడు. రెండు చేతులా తెచ్చి, తండ్రి ఎప్పుడూ చేసినట్టే కళ్ళకద్దుకుని, ఎడమ పల్లెంలో పెట్టాడు.

పల్లెం దబ్బున కిందికి పోయి బండను కొట్టింది.

ఆ చప్పుడుకు బేరాలు ఆగిపోయాయి. ఖాళీ కుడి పల్లెం పైన గాల్లో ఊగుతోంది. దండానికి ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి.

“గిదేంది?” అన్నాడు ముసలి రైతు. “రాయి పెడితె గట్ల వంగింది? గిన్నేండ్లు వంగలే గద?”

రమాకాంత్ తండ్రిని చూశాడు, భార్యను చూశాడు. చెయ్యి దానంతటదే షట్టరు కొక్కేన్ని వెతుక్కుంటోంది. తలుపు పక్కన ఉమారాణి రెండు చేతులా నోరు మూసుకుంది. తను బయటపెడతానని బెదిరించిన గుట్టు, తను నోరు తెరవకుండానే తరాజుకు వేలాడుతోంది.

ఓదెమ్మ కిషన్ సేటు దగ్గరగా వచ్చింది. ఆమె అన్నది ఆయనకూ, పక్కనే ఉన్న భాగ్యలక్ష్మికీ తప్ప ఎవరికీ వినబడలేదు.

“అడుగుతున్నరు సేటూ. నేను చెప్ప. నువ్వు చెప్తె నీ పక్కన కూసుంట, ఎవలేమన్న గానీ. చెప్పకుంటె కాటారం బస్సున్నది.”

కిషన్ సేటు జనం వైపు చూశాడు. వాళ్ళలో తన తండ్రి కాలం నుంచి బంగారం తూపించుకున్న ఇళ్ళవాళ్ళున్నారు. ఏ ఇంట్లో ఏ మొక్కు తీరలేదో, ఎవరు బతకలేదో ఆయనకు ఇప్పుడు ఒక్కొక్కరి ముఖం మీదా కనిపిస్తున్నట్టుంది.

“ఏం లేదు, ఏం లేదు,” అన్నాడు రమాకాంత్ గట్టిగా. “గొలుసు మెలివడ్డది. ఇప్పుడే సవరిస్తం. జర ఓపిక పట్టుండ్రి.”

గొలుసు మెలిపడలేదని అందరికీ కనిపిస్తూనే ఉంది. అయినా కొందరు ఆ మాట నమ్మాలనే చూశారు. ఇన్నేళ్ళ దండాలు ఊరికే పోయాయని నమ్మడం కంటే అది తేలిక.

కిషన్ సేటు కోడలి వైపు తిరిగాడు.

“భాగ్యా. నీ కొంగున ఉన్నది ఇటియ్యి.”

చెయ్యి చాచాడు. ఆ చేతిలో పడితే దాన్ని నలుగురికీ ఎత్తి చూపించవచ్చు. లేదా గొలుసు సవరించే నెపంతో కుడి పల్లెం అడుగున అంటించి, ముల్లును మళ్ళీ నిలబెట్టవచ్చు. ఆ చేతికి రెండో పనే అలవాటు.

“దేనికి మామా?” అంది భాగ్యలక్ష్మి.

సేటు చాచిన చెయ్యి తీయలేదు.

ఓదెమ్మ ఖాళీ గ్లాసు గల్లా మీద పెట్టి, కుర్చీలో ఉన్న చేతిసంచి తీసుకుని భుజానికి తగిలించుకుంది. కానీ కదల్లేదు. భాగ్యలక్ష్మి కొంగుముడి విప్పసాగింది.